అక్కల దౌడ

మా ఇంట్లో తెలుగు వదినెది. గడప దాటితే మరాఠీ నాది. పదకొండేళ్ళు మేమిద్దరం ఎప్పుడూ పైకి అనుకోకుండానే ఈ పంపకాన్ని పాటించాం.

వదినె అంటే నా భర్త బాలకిషన్‌కు అక్క, సారక్క. మా ప్రతిభ పుట్టిన ఏడాది, కోర్పనా దగ్గరి ఊళ్ళో భర్త చనిపోయాక, రెండెకరాల పత్తి చేను కౌలుకిచ్చి చంద్రపూర్ పక్కనే ఉన్న దుర్గాపూర్‌లో మా క్వార్టర్‌కు వచ్చేసింది. బాలకిషన్ బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. నేను జిల్లా పరిషత్ బడిలో మరాఠీ చెప్తాను. పొయ్యి, పిల్ల, పప్పులో ఉప్పు, కిటికీ ఊచల మీద రోజూ పేరుకునే థర్మల్ ప్లాంటు బూడిద, అన్నీ ఆమె చేతిలోకి వెళ్ళిపోయాయి. ప్రతిభ మొదట నేర్చిన మాట అమ్మ కాదు, అత్త.

వదినెకు మరాఠీ రాదని కాదు. కూరగాయల బండి దగ్గర దబాయించి మాట్లాడేది. కానీ బల్లకు అవతల కుర్చీలో కూర్చున్న మనిషి ముందు ఆమె నోరు కట్టేసినట్టయ్యేది. బ్యాంకులో, రేషను ఆఫీసులో, ఆసుపత్రిలో నా వైపు తిరిగి తెలుగులో చెప్పేది. నేను దాన్ని మరాఠీ చేసి అవతలికి అందించేదాన్ని. ఆమె చెప్పేది పొడుగు. నేను అందించేది పొట్టి.

ఒకసారి రేషను ఆఫీసు మెట్లు దిగుతూ అన్నది: "నేను గంత చెప్తి, నువ్వు గింతే చెప్తివి. మిగిలింది ఏడ పాయె టీచరమ్మా?"

"వాళ్ళకు గింతే కావాలె వదినె."

"మరి మిగిలింది నాకన్న వాపస్ ఇయ్యి."

ఇద్దరం నవ్వుకున్నాం. ఇంట్లో ఆమె మాటకు అడ్డు చెప్పే అధికారం నాకు లేదు. బయట ఆమె మాటను కత్తిరించే అధికారం ఉండేది. అది నాకు బాగుండేదని అప్పట్లో నేను గమనించలేదు.

అది లోక్‌సభ ఎన్నికల ఎండాకాలం. హోలీ మర్నాడు వదినె జొన్నరొట్టెను పప్పులో నానబెట్టుకుని ఎడమ పక్కతోనే నములుతుంటే చూశాను. కరకరలాడే అంచుల కోసం ప్రతిభతో పోట్లాడే మనిషి.

"ఏమైంది వదినె?"

"దౌడ గుంజుతుంది పిల్లా. ఈడ, లోపట. ఎవలో లోపట కూసోని తాడు గుంజినట్టు."

"లవంగం పెట్టుకో."

"లవంగం పంటికి పెడ్తరు. దౌడకు ఏడ పెట్టాలె?"

నా చేతిలో ఎన్నికల డ్యూటీ ఉత్తర్వు ఉంది. మళ్ళీ చదువుతున్నాను.

ఇంకో పది రోజులు గడిచాయి. ఆమె అంబలి మీదకు మారింది. ఒకనాడు బాలకిషన్ డ్యూటీకి వెళ్తూ బూట్ల తాళ్ళు కట్టుకుంటూ అన్నాడు: "అక్కను దవాఖానకు తీస్కపో విద్యా. నాకు ఈ వారమంత పొద్దటి షిఫ్టే."

"నాకు పదకొండుకు ఎన్నికల ట్రైనింగ్ ఉంది."

"తొమ్మిదిన్నరకు పోతే అయిపోతది. పన్నే గదా."

పన్ను అన్నది మొదట ఆయనే. ఈ సంగతి నేను చాలాసార్లు గుర్తు చేసుకున్నాను. కానీ అది ఆసరాకు నిలబడే మాట కాదు. దౌడ అని అక్క చెప్పగా ఆయన వినలేదు. నేను విన్నాను.

ఆ పొద్దున ప్రతిభకు జడ వేస్తూ వదినె దానితో అంటోంది: "మీ అమ్మకు బడిల నలభై మంది పిల్లలు. నువ్వు నలభై ఒకటోదానివి. లైన్ల నిలబడు." పిల్ల పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. చీర కుచ్చిళ్ళు రెండుసార్లు విప్పి మళ్ళీ పెట్టుకున్నాను. ఆ మాట నాకు తగిలిందని ఆమెకు తెలియదు. అంతగా తగిలిందని నాకూ తెలియదు.

జట్‌పురా గేటు దగ్గర మందుల షాపు పైన ఉంది ఆ పంటి ఆసుపత్రి. డాక్టర్ కుర్రవాడు, మర్యాదస్తుడు. వదినెను వాలు కుర్చీలో పడుకోబెట్టి లైటు మొహం మీదికి లాగాడు.

"దౌడ గుంజుతుందని చెప్పు," అన్నది వదినె నాతో.

"దాఢ్ దుఖతే," అన్నాను నేను అతనితో.

మరాఠీలో దాఢ్ అంటే వెనక వరసలో ఉండే నమిలే పన్ను. మా తెలుగులో దౌడ అంటే పన్ను కాదు, పండ్లన్నిటినీ మోసే ఎముక. అతను "దాఢ్?" అని మళ్ళీ అడిగితే, వదినె తన మాటే అనుకుని "ఆ, దౌడ!" అని తలూపింది. ఇద్దరికీ ఒప్పందం కుదిరిపోయింది. మధ్యలో రెండు మాటలూ తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే.

కుడివైపు చివరి పన్నును చిన్న అద్దంతో తాకి చూశాడు. కదిలింది. ఆ పంటికి ఒక చిన్న ఎక్స్‌రే తీసి, కింద నలుపు ఉంది, చీము పట్టి ఉంటుంది, పీకేస్తే సరి అన్నాడు. ఇది అక్కల్ దాఢ్ అన్నాడు. బుద్ధి వచ్చే వయసులో వచ్చే పన్ను కాబట్టి మరాఠీలో దాని పేరు అది.

వదినె నోట్లో అద్దం పెట్టుకునే నవ్వింది. "అక్కల దౌడనా? గందుకే తమ్మునికి రాలే, నాకే అచ్చింది."

డాక్టర్ ఏమిటన్నట్టు నా వైపు చూశాడు. తెలుగులో అక్క అంటే తాయీ అని, ఆమెకు తమ్ముడు ఉన్నాడని, ఆ పన్ను అక్కలకు మాత్రమే వచ్చేదని ఆమె అంటున్నదని విడమర్చి చెప్పాను. అతనూ నవ్వాడు. ఆ జోకు చెప్పడానికి నాకు టైము దొరికింది.

ఈ దాఢ్, దౌడ కథ ఆ తర్వాత నేను చాలామందికి చెప్పాను. స్టాఫ్‌రూంలో చెప్పాను, మా అమ్మకు ఫోన్లో చెప్పాను, బస్సులో పక్కన కూర్చున్న ఆవిడకు కూడా చెప్పాను. విన్నవాళ్ళందరూ అయ్యో, ఎవరికైనా జరిగేదే అన్నారు. అలా అంటారనే చెప్పేదాన్ని. క్షమించగల తప్పునొకదాన్ని ముందు నిలబెడితే, రెండోది దాని వెనక నిలబడుతుంది.

రెండోది ఇది.

మత్తు సూది నింపుతూ డాక్టర్ అడిగాడు, ఇంకేమైనా బాధ ఉందేమో అడగండి అని. నేను అడిగాను. వదినె వేలితో కింది పెదవి కుడి సగాన్ని, దాని కింద గదవను తడుముకుంది.

"గీ పెదవి నాది గానట్టున్నది పిల్లా. హోలీ సంది. చాయ తాగుతుంటె బొట్టు కిందికి జారినా తెల్వది. నిన్న వేలుతోని గిల్లి చూసిన. ఎవలి పెదవో గిల్లినట్టున్నది."

"కాయ్ మ్హణతాత్?" అన్నాడు డాక్టర్. ఏమంటున్నారు?

గోడ గడియారంలో పదిన్నర కావస్తోంది.

"కాహీ నాహీ," అన్నాను. "ఘాబరల్యాత్." ఏం లేదు, భయపడుతున్నారు.

అతను వదినె భుజం తట్టి, భయపడకండి తాయీ అన్నాడు. తను చెప్పినదానికి అది జవాబు అనుకుంది వదినె. సరే అన్నట్టు కళ్ళు మూసుకుంది. పన్ను ఎంత తేలిగ్గా వచ్చిందంటే, అతనే ఆశ్చర్యపోయాడు. నానిన చింతగింజ పొట్టులోంచి జారినట్టు వచ్చింది.

ట్రైనింగ్‌కు పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను. ఎవరూ ఏమీ అనలేదు.

నేను బీఎడ్‌లో మనస్తత్వశాస్త్రం చదివాను. నాలుక పొరపాటున జారదని, లోపల ఏదో తోస్తేనే జారుతుందని రాసి పరీక్ష పాసయ్యాను. కానీ నా నాలుక జారలేదు. అది చక్కగా, తప్పులేని మరాఠీలో, నిలబడి మాట్లాడింది. తొందరలో అన్నానా? తొందర నిజమే, కానీ ఆ వాక్యాన్ని సరిగా చెప్పడానికి పట్టేది ఆరేడు క్షణాలు. ఆమె ఎప్పటిలాగే చిన్నదాన్ని పెద్దది చేస్తున్నదనుకున్నానా? అదీ నిజమే. కానీ అన్నిటికంటే అడుగున, పొద్దుటి నలభై ఒకటో పిల్ల అన్న మాట చల్లారకుండా ఉంది. నీ మాట ఎంతవరకు వెళ్ళాలో ఇక్కడ నేను నిర్ణయిస్తాను అని నాలో ఎవరో అనుకున్నారు. ఆ ఎవరో నేను కాదని చెప్పడానికి చాలా ప్రయత్నించాను.

పోలింగు నాడు నేను రాజురా వైపు ఒక ఊళ్ళో డ్యూటీలో ఉన్నాను. వదినె ఓటు ఇంకా కోర్పనా దగ్గరి ఊళ్ళోనే ఉంది. ఎండలో బండి మీద బాలకిషన్ తీసుకుపోయి తెచ్చాడు. మర్నాడు నేను ఇల్లు చేరేసరికి కూలర్ ముందు కూర్చుని ప్రతిభకు సిరా గుర్తు చూపిస్తోంది. కుడి దవడ కింద చిన్న ఉబ్బు ఉంది.

"వేలుకు పెట్టిన్రు సిరా," అన్నది నన్ను చూసి. "పెదవికి పెడితే బాగుండు. గప్పుడన్న అది నాదని ఎర్కయ్యేది."

ప్రతిభ నవ్వింది. బాలకిషన్ నవ్వాడు. నేను కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాను. అప్పటికీ ఆలస్యం కాలేదు, ఇప్పుడు చెప్పొచ్చు అన్న ఆలోచన వచ్చింది. ఆ వెంటనే, ఇప్పుడు చెప్తే అప్పుడెందుకు చెప్పలేదని అడుగుతారన్న ఆలోచన వచ్చింది. రెండోది మొదటిదాన్ని తోసేసి కూర్చుంది. అంత సులభంగా.

మే నెలంతా పన్ను పీకిన చోటు పూడలేదు. పూడకపోగా అక్కడ ఎర్రగా, కోడిజుట్టులాగా కండ పెరిగింది. వాసన వచ్చేది. వదినె మాట్లాడేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. పక్క క్వార్టర్ ఆగమ్మ ఒకరోజు చూడవచ్చి, గుమ్మంలోనే అడిగేసింది.

"ఖర్రా గిట్ల తింటవా ఏంది సారక్కా?"

మా చంద్రపూర్‌లో ఎవరి నోట్లో ఏం లేచినా ముందు అడిగేది అదే. పోకచెక్క, పొగాకు, సున్నం కలిపి ప్లాస్టిక్ కాగితంలో నలిపి ఇస్తారు. సందుకొక పాన్‌డబ్బా ఉంటుంది.

"తినేది నా తమ్ముడు," అన్నది వదినె కొంగు తీసేసి. "ఆడు తింటే నా నోరు పుచ్చుతదా? గా లెక్కన మీ ఆయన తాగితే నువ్వు తూలాలె గదా?"

ఆగమ్మ నవ్వలేక నవ్వింది. లోపలి గదిలో ఉన్న బాలకిషన్ జేబులోని ఖర్రా పొట్లం తీసి, పెరట్లోకి వెళ్ళి మట్టిలో పాతిపెట్టి వచ్చాడు. ఇరవై ఏళ్ళ అలవాటు. ఆనాటి నుంచి ముట్టలేదు. నా వల్లనే, ఇంట్లో నేను తిన్నందుకే అక్కకు ఇట్లా అయిందని నాతో రెండుసార్లు అన్నాడు. అలా కాదు అన్నాను. ఎలా కాదో చెప్పలేదు. ఆయన దగ్గర ఒక తప్పు ఉంది, దాన్ని పాతిపెట్టడానికి పెరడు ఉంది. నాకు అసూయ కలిగింది.

నెలాఖరున మళ్ళీ ఆ డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. నోరు తెరవగానే అతని మొహం మారిపోయింది. మొత్తం దవడకు పెద్ద ఎక్స్‌రే తీయించాడు. వెలుగుకు పెట్టి చూపించాడు. చెవి కింద నుంచి గదవ దాకా ఎముక ఉండాల్సిన చోట, పురుగు తొలిచిన పత్తికాయలా ఉంది. అతను దూది పోగు తీసి వదినె పెదవి కుడి సగాన్ని తాకాడు. కళ్ళు మూసుకున్న వదినెకు తెలియలేదు. ఎడమ సగాన్ని తాకాడు. తెలిసింది.

"ఇది ఎప్పటినుంచి?" అన్నాడు నాతో.

"ఈమధ్యనే."

పాత చీటీ తీసి చూసుకున్నాడు. "ఆ రోజు నేను అడిగాను కదా, ఇంకేమైనా బాధ ఉందా అని. అడిగాను కదా?"

"అడిగారు. అప్పుడు లేదు."

అతను ఊపిరి వదిలాడు. నేను అతనికి మేలు చేసినదానిలా కూర్చున్నాను.

నాగపూర్‌లో ముక్క తీసి పరీక్షకు పంపారు. ఎనిమిది రోజులకు పొడుగాటి ఇంగ్లీషు పేరు వచ్చింది. సర్జన్ యాభై దాటిన ఆవిడ. మరాఠీలో నెమ్మదిగా చెప్పింది. బాలకిషన్ గోడకు ఆనుకుని నిల్చున్నాడు, వదినె, నేను ఆవిడ ఎదురుగా కూర్చున్నాం. నేను ఒక్క మాట కూడా వదలకుండా తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను. ఇది కేన్సరే. కానీ పొగాకు వల్ల వచ్చేది కాదు, చాలా అరుదైనది. తల్లి కడుపులో ఉన్నప్పుడు పండ్లను తయారుచేసిన కణాలు కొన్ని పని అయిపోయాక కూడా దవడ ఎముకలో మిగిలి నిద్రపోతుంటాయి. ఎప్పుడో ఒకరికి, ఎందుకో తెలియదు, అవి లేచి చెడు దారి పడతాయి.

వదినె శ్రద్ధగా విన్నది. "అంటే పాపం, గిన్నేండ్లకు మల్లొక్క పన్ను చేద్దామనుకున్నయేమో," అన్నది. "చేసుడు మరిచిపోయినయి."

బాలకిషన్ గోడ వైపు తిరిగాడు.

"ఖర్రా తోని కాదట, విన్నవా తమ్మీ?" అన్నది వదినె ఆయన వీపుతో. "నీ పాపం కాదు. ఎవల పాపం కాదు."

అప్పుడు సర్జన్ కలం తీసి అడిగింది: పెదవి మొద్దుబారింది ఎప్పటినుంచి? సరిగ్గా చెప్పండి, దీని మీద ఆధారపడి ఉంది అన్నది. దవడ ఎముక లోపల ఒక సన్నని సొరంగం ఉంటుందట, అందులో ఒక నరం వెళ్తుందట. పన్ను పీకాక మొద్దుబారితే, పీకేటప్పుడు దానికి దెబ్బ తగిలి ఉండొచ్చు. పీకకముందే మొద్దుబారి ఉంటే, జబ్బు ఎప్పుడో ఆ నరం పట్టుకుని నడవడం మొదలుపెట్టిందని అర్థం. అప్పుడు దాన్ని పైదాకా, చెవి పక్కన, ఇంకా పైదాకా వెతుక్కుంటూ వెళ్ళి కోయాలి.

నేను తెలుగు చేయడానికి నోరు తెరిచాను. అంతలో వదినె చెప్పేసింది.

"పన్ను పీకినంక."

నా వైపు చూడలేదు. బల్ల మీది గాజు బిళ్ళను చూస్తోంది. గొంతు గట్టిగా ఉంది. సర్జన్ ఏమిటన్నట్టు నా వైపు తిరిగింది. వెనక బాలకిషన్ బూటు నేల మీద కదిలింది.

"పన్ను పీకిన తర్వాత అంటున్నారు," అన్నాను. కలం కాగితానికి తాకింది. "అది నిజం కాదు. అంతకు ముందే. హోలీ నుంచి. ఆ పంటి డాక్టర్ అడిగాడు. ఈమె నాకు చెప్పింది. నేను అతనికి చెప్పలేదు."

"హోలీ అంటే మార్చి చివర?"

"అవును."

ఆవిడ రాసుకుంది. కాగితం తిప్పి ఇంకో పరీక్షకు ఏదో రాసింది. అంతే. ఆవిడ తలెత్తి నన్ను ఏదో ఒకటి అంటుందని చూశాను. తర్వాతి రోగిని పిలవమని నర్సుకు చెప్పింది.

బయటి వరండాలో బాలకిషన్ నా ముందు నిలబడ్డాడు. "నిజమేనా?"

"నిజమే."

"ఎందుకు?"

రెండు నెలలు రకరకాల కారణాలు కూడబెట్టుకున్నాను. వాటిలో కొన్ని తెలివైనవి, కొన్ని నన్ను నేనే కొరడాతో కొట్టుకునేవి. నోట్లోంచి వచ్చింది మాత్రం, "నాకు ట్రైనింగ్ ఉండె."

ఆయన నీళ్ళ కుళాయి దగ్గరికి వెళ్ళి చాలాసేపు మొహం కడుక్కున్నాడు. ఆ రోజు నుంచి నాతో చెప్పాల్సినవన్నీ ప్రతిభతో చెప్పించేవాడు. పిల్ల మా ఇద్దరి మధ్య నిలబడి, "అమ్మా, నాన్న చాయ్ అంటుండు," అని మోసేది.

ఆ సాయంత్రం వరండా బెంచీ మీద వదినె నాతో మాట్లాడింది. ముందు కోపంగా. "నేను చెప్పింది చెప్పుమన్న గని, నీది చెప్పుమన్ననా?"

"నా కోసం అబద్ధం ఎందుకు చెప్పినవ్ వదినె?"

"నీ కోసమా?" కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "డాక్టరమ్మ ఏమన్నది? ముందుగాల్నే మొద్దుబారితే పైదాక కోస్తమన్నది. పీకినంక అయితే తక్కువ కోస్తరు. నాకు గా మాత్రం మరాఠీ రాదా? భయమై చెప్పిన. నీ కోసమట! అన్నీ నీ చుట్టే తిరుగుతయా పిల్లా?"

అది నిజమో, నన్ను తేలిక చేయడానికి అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. నిజమే అయితే, నేను నా మనసు కడుక్కోవడానికి ఆమె మొహంలో ఇంకో నాలుగు అంగుళాలు కోయించాను. అబద్ధమైతే, ఆమె అంత భయంలోనూ నా కాపురాన్ని చూసుకుంది. ఏది నిజమైతే బాగుండునో కూడా తేల్చుకోలేకపోయాను.

"ఇగ రేపటి సంది నా తరఫున నువ్వు ఒక్క మాట మాట్లాడకు," అన్నది లేస్తూ. "నోరున్నన్ని దినాలు నేనే మాట్లాడుత."

అప్పటికి నోరు ఇంకా ఆరు రోజులు ఉంది. ఆ ఆరు రోజులూ వదినె నర్సులతో, ఊడ్చేవాళ్ళతో, స్కానింగ్ దగ్గర కూర్చున్న క్లర్కుతో, కుర్చీలో ఉన్న ప్రతి మనిషితో మాట్లాడింది. కూరగాయల బండి మరాఠీలో, తప్పులతో, దబాయించి. తన చేను గురించి, ప్రతిభ లెక్కల మార్కుల గురించి. వాళ్ళు వినేవాళ్ళు. ఇంత సులభమైన పనికి పదకొండేళ్ళు నేనెందుకు అడ్డం నిలబడ్డానో అనుకుంటూ దూరంగా కూర్చునేదాన్ని.

ఆపరేషన్ రోజు మొదటి వాన పడింది. తొమ్మిది గంటలు పట్టింది. గదవ మధ్య నుంచి చెవి కింద దాకా కుడి దవడ తీసేశారు. కాలి ఎముక ముక్క తెచ్చి ఆ చోట అమర్చారు. నరాన్ని పైదాకా వెతికి కోశారు. పది రోజుల తర్వాత సర్జన్ చెప్పింది, నరం తెగిన పై చివరలో ఏమీ కనిపించలేదని. అంటే అంత పైదాకా కోయాల్సి వచ్చిందా, తక్కువతో సరిపోయేదా అని అడగాలనుకున్నాను. అడగలేదు. ఏ జవాబు వచ్చినా, అది ఆమె కోసం కాక నా కోసం అడిగిందే అవుతుంది.

జులై ఆఖరున, రేడియేషన్ కరెంటు పెట్టడం ఎప్పుడు మొదలుపెట్టాలో చూడటానికి మళ్ళీ నాగపూర్ వెళ్ళాం. ముక్కులోంచి గొట్టం తీసేసి వారమైంది. వదినె మొహం కుడివైపు నునుపుగా, ఉబ్బి, ఇంకా ఎవరిదో అన్నట్టుంది. ఇంట్లో మాట్లాడుతోంది. ప్రతిభకు సగం అర్థమవుతుంది, బాలకిషన్‌కు సగం కంటే తక్కువ. నాకు మాత్రం అంతా అర్థమవుతోంది. ఎందుకో తెలియదు. పదకొండేళ్ళు ఆమె ప్రతి వాక్యంలో ఏది తీసేయొచ్చో చూసినదాన్ని కాబట్టి కావచ్చు.

బాలకిషన్ మందుల కిటికీ దగ్గర లైన్లో ఉన్నాడు. లోపలికి మేమిద్దరమే వెళ్ళాం. సర్జన్ అలవాటుగా నన్ను అడిగింది, తాయీ ఎలా ఉన్నారు అని.

వదినె చెయ్యెత్తి నన్ను ఆపింది. ముందుకు వంగి, మరాఠీలో, "నాకు కారం తినాలనుంది," అన్నది. మలా తిఖట్ ఖాయ్‌చ ఆహే. మాటలో త లేదు, ఖ లేదు. ఎంగిలి గదవకు జారింది. చేతి రుమాలుతో తుడుచుకుంది.

సర్జన్‌కు అర్థం కాలేదు. నా వైపు చూసింది.

నేను ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాను.

వదినె మళ్ళీ చెప్పింది. ఆవిడ మళ్ళీ నా వైపు చూసింది, ఈసారి కొంచెం విసుగ్గా. చెప్పడానికి రెండు క్షణాలు చాలు. నా నాలుక అంచు దాకా వచ్చింది. పళ్ళు బిగబట్టాను.

సర్జన్ కుర్చీ చక్రాల మీద జరుగుతూ బల్ల చుట్టూ ఇవతలికి వచ్చింది. వదినె మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేంత దగ్గరికి. తలవంచి చెవి దగ్గర పెట్టింది. వదినె మూడోసారి చెప్పింది.

"తిఖట్!" అని ఆవిడ పెద్దగా నవ్వింది. తర్వాత వదినె చెయ్యి పట్టుకుని ఆమెకే చెప్పింది, చాలాసేపు: కరెంటు అయ్యేదాకా ఆగాలని, నోరు పుండు పడుతుందని, ఆ తర్వాత పెరుగులో కలుపుకుని కొద్దికొద్దిగా మొదలుపెట్టొచ్చని. వదినె మధ్యలో అడ్డం పడి ఏదో అడిగింది. ఆవిడ మళ్ళీ చెవి పెట్టింది.

బయటికి వచ్చేసరికి బాలకిషన్ మందుల సంచీతో ఎదురొచ్చాడు.

"ఏమన్నది డాక్టరమ్మ?"

నన్నే అడిగాడు. నెలన్నర తర్వాత నాతో నేరుగా అన్న మొదటి మాట అది. ఆ మాటకు జవాబు చెప్పాలని నాకు ఎంత ఉందో చెప్పలేను.

"అక్కను అడుగు," అన్నాను.

ఆయన సంచీ కింద పెట్టి, బెంచీ మీద కూర్చున్న అక్క ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. అర్థం కాని చోటల్లా ఆయన "ఆఁ?" అంటున్నాడు, ఆమె విసుక్కుంటూ మళ్ళీ మొదటినుంచి చెప్తోంది. మా బస్సుకు ఇంకా గంట ఉంది.